మడత మీద మనిషి

మనిషిని ఎక్కడ మొదలుపెట్టాలన్న అనుమానం మాస్టరుకి ముప్పై రెండేళ్లలో ఒక్కసారీ రాలేదు. తల వంచితే మెడ వెనకాల, చర్మం కింద, గోలీకాయంత ఎముక ఒకటి తేలుతుంది. టేపు కొస అక్కడ పెట్టేవాడు. అక్కణ్ణించి భుజం, భుజం మీంచి మణికట్టు, మళ్ళీ వెనక్కొచ్చి నడుము. వచ్చినవాడు పెద్ద ఆఫీసరైనా, గేటు దగ్గర కాపలా మనిషైనా ఆ ఎముక దగ్గర అందరూ ఒకటే. ఆస్పత్రి సిబ్బందివి, మంటలార్పే వాళ్ళవి, బస్సు డిపో వాళ్ళవి, ఊళ్ళో సగం యూనిఫాంలు ఆయన బల్ల మీదే పుట్టాయి. అసలు పేరు జనం ఎప్పుడో మర్చిపోయారు. కటింగ్ మాస్టరు కాస్తా ఉత్త మాస్టరయ్యాడు. దారిలో ఎదురైన మొహాలు ఆయనకి గుర్తుండవు. అదే మనిషి దాటిపోయాక వీపు చూసి, ఫలానా సంవత్సరం కుట్టించుకున్న నలభై రెండు ఛాతీ అని చెప్పేస్తాడు. తనను మొదటిసారి చూసిన రోజున కూడా మొహం మీద కన్ను నిలపకుండా భుజాలే చూశాడని వాళ్ళావిడ ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది.

అలాంటి మనిషి, యాభై మూడేళ్లు నిండాక, సైకిల్ షాపు మీది గదిలో తెల్ల కాగితం ముందు పెన్సిలు పట్టుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చెమటలు కక్కుతున్నాడు.

ఇదంతా చెల్లెలి వల్ల వచ్చింది.

చెల్లెలు బస్సు కండక్టరు. పద్దెనిమిదేళ్ల సర్వీసు. కదిలే బస్సులో కమ్మీ పట్టుకోకుండా ఈ చివరినుంచి ఆ చివరికి నడిచి వచ్చేది. టికెట్టు ఎగ్గొడదామని కిటికీలోంచి బయటికి తెగ చూసేవాడి పక్కన నిలబడి, చెట్లు చూడటానికి కూడా టికెట్టుందని మెల్లగా చెప్పే రకం. ఏడు నెలల కిందట వానలో ఫుట్‌బోర్డు మీంచి జారి పడింది. ఎడమ భుజం ముందున్న ఎముక రెండు ముక్కలైంది, తుంటి దగ్గర చీలిక పడింది. ఎముకలు అతుక్కున్నాయి గానీ అతకాల్సినట్టు అతకలేదు. ఎడమ భుజం రెండు వేళ్ళ మందం కిందికి దిగింది, నడుము ఆ వైపుకే ఒరిగింది. నడవగలదు, నిలబడగలదు, చెయ్యి ముందుకు చాచగలదు. పని చేసుకోవచ్చని డాక్టర్లు రాసిచ్చారు. డిపో వాళ్ళు మర్యాదగానే ఉత్తరం పంపారు. వచ్చే నెల మొదటి సోమవారం యూనిఫాంలో హాజరైతే పాత రూటే ఇస్తామన్నారు. వీలుకాదంటే సామాన్ల గదిలో కూర్చుని చేసే పని ఉందన్నారు, అదే జీతం మీద.

సామాన్ల గది డిపో వెనక ఉంటుంది. కిటికీ లేదు. అరిగిన టైర్లు, చిరిగిన సీట్లు, ఎవరూ అడగని రిజిస్టర్లు. కుట్టిన కోట్ల మూట అప్పగించడానికి వెళ్ళినప్పుడు మాస్టరు దాన్ని చూశాడు. అందులో పనిచేసే ఆయన సంతకం పెట్టడానికి గుమ్మం దాకా వచ్చి, వెలుతురుకి కళ్ళు చికిలించడం కూడా చూశాడు.

డిపో పంపిన రెడీమేడ్ కోటు తొడుక్కుని, పడ్డప్పట్నించీ అన్నగారింట్లోనే ఉంటున్న చెల్లెలు అద్దం ముందు నిలబడింది. కుడివైపు బాగానే ఉంది. ఎడమవైపు కోటు భుజం, మనిషితో సంబంధం లేనట్టు, తనంతట తాను బిర్రుగా నిలబడి ఉంది. దాని కింద ఎక్కడో అసలు భుజం ఉంది. ఆమె అద్దంలోకి కాసేపు చూసి, కోటు విప్పి, శుభ్రంగా మడిచి కుర్చీ మీద పెట్టి, "సామాన్ల గదే హాయిలే అన్నయ్యా. చూసేవాళ్ళుండరు," అంది.

హాయిగా ఉన్నప్పుడు చెల్లెలు హాయి అనే మాట ఎన్నడూ వాడి ఎరగదు. ఇప్పుడు ఆ గదిలోకి వెళ్ళిందంటే రిటైరయ్యేదాకా అందులోంచి బయటికి రాదని మాస్టరుకి నిక్కచ్చిగా తెలిసిపోయింది. నేను కుడతానుండమని మెడలోంచి టేపు తీశాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"టేపు వద్దు. ఏడు నెలలు కొలిచారు నన్ను. చెయ్యి ఇంత లేచింది, కాలు అంత వంగింది, నిన్నటికంటే తక్కువ, మొన్నటికంటే ఎక్కువ. ఇంక నన్నెవరూ కొలవొద్దు. నువ్వు కూడా."

"కొలవకుండా ఎలా కుట్టేది?"

"కుట్టొద్దు."

మాస్టరు కళ్ళతోనే చూసి కుడతానన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది.

"టేపు లేకపోతే నీ కళ్ళకి ఏం కనిపిస్తుందన్నయ్యా?"

ఆ మాట చొక్కాలో మర్చిపోయిన గుండుసూదిలా రోజంతా గుచ్చుకుంటూనే ఉంది. సాయంత్రం ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు ఆస్పత్రి ఫైలు దొంగతనంగా తిరగేశాడు. అన్నీ డిగ్రీలే. ఇరవై డిగ్రీల భుజానికి ఎంత బట్ట పడుతుందో ఏ దర్జీ చెప్పగలడు? ఫైలు మూసేశాక చేతులు కడుక్కోవాలనిపించింది. మర్నాడు సైకిల్ షాపు గోడ మీద కాగితం కనిపించింది. మనిషి బొమ్మ గీయడం నేర్పబడును, మంగళ శుక్రవారాలు, సాయంత్రం ఐదున్నరకి. చూసి గీయడమంటే ముట్టుకోకుండా పట్టుకోవడమే కదా అనుకున్నాడు. నాలుగు వారాల గడువుంది. మెట్లెక్కేశాడు.

బొమ్మల టీచరు ఆయన కూతురి ఈడు పిల్ల. వేళ్ళకి ఎప్పుడూ బొగ్గు అంటుకుని ఉంటుంది. క్లాసులో తొమ్మిదిమంది. మాస్టరు పక్క స్టూలు మీద మాంసం కొట్టు ఆయన. కొట్టు ముందు బోర్డు మీద స్వహస్తాలతో ఎద్దు బొమ్మ వేసుకుందామని చేరాడట. ఇక్కడ మనుషుల్ని మాత్రమే గీయిస్తారని చేరాక తెలిసింది. అయినా మానలేదు. వారానికోసారి వినయంగా, ఎద్దు ఎప్పుడొస్తుంది మేడమ్ అని అడుగుతాడు. ఎత్తు పీట మీద నిలబడేది ఒక ముసలాయన. రైల్వే స్టేషన్లో నలభై ఏళ్లు మూటలు మోసి మానేసినవాడు. బనీను, లాగూ వేసుకుని, నిలబడి నిద్రపోతూ కూడా తొణకడు. ఆయన్ని అందరూ తాతా అంటారు.

మొదటిరోజు టీచరు తలతో మొదలుపెట్టమంది. కోడిగుడ్డు ఆకారంలో తల గీసుకుని, దాని కింద అలాంటివి పేర్చుకుంటూ పోతే మొత్తం ఏడున్నర తలలకి మనిషి ఎత్తు పూర్తవుతుందట. చెయ్యి చాచి, పెన్సిలు నిలువుగా పట్టుకుని, ఒక కన్ను మూసి తాత తల ఎంతుందో చూపించింది. మాస్టరుకి ప్రాణం లేచొచ్చింది. ఇది టేపే కదా, కాకపోతే ఒంటికి తగలని టేపు. ఇంటికెళ్ళి, చెల్లెలు కుర్చీలో పేపరు చదువుకుంటుంటే గుమ్మం చాటునుంచి ఒక కన్ను మూసి పెన్సిలు చాచాడు. కూర్చున్న మనిషాయె, ఎంత లెక్కపెట్టినా ఐదుకి మించలేదు. ఆ ఐదు గుడ్లూ ఒకదానిమీద ఒకటి పడిపోకుండా నిలబెట్టడానికే సాయంత్రం గడిచిపోయింది. వాళ్ళావిడ వచ్చి అదేమిటని అడిగింది. నీ ఆడపడుచని చెప్పడానికి నోరు రాక, ఏదోలే అన్నాడు.

శుక్రవారం వెళ్తే టీచరు తల సంగతి మర్చిపొమ్మంది. తుంటి దగ్గర మొదలుపెట్టాలి, ఒంటి బరువు తిరిగేది అక్కడే, తలదేముంది, ఆఖర్న వచ్చి కూర్చుంటుంది అంది. మాస్టరు చెయ్యెత్తి, మంగళవారం తల అన్నారు కదా అని అడిగాడు. అదీ నిజమే అంది. మరి ఏది చెయ్యమంటారన్నాడు. రెండూ చేసి చూడండి మాస్టారూ అంది. కాగితానికైతే సరే, ఒకసారి పడిన కత్తెరని బట్ట మీంచి వెనక్కి తీసుకోలేమని ఆ పిల్లకెవరు చెప్పాలి?

ఆయన అవస్థ చూడలేక మాంసం కొట్టు ఆయన మెట్లు దిగుతూ తన రహస్యం చెప్పాడు. కీళ్ళ దగ్గర మొదలుపెట్టాలట. ఎక్కడ విడిపోతుందో తెలిస్తే ఎక్కడ కలిసుందో తెలుస్తుందట. ఎద్దయినా మనిషైనా అంతే గురువుగారూ అని మాస్టరు మోచేతిని ఆప్యాయంగా తడిమి చూపించాడు. మాస్టరు మర్యాద పోకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంట్లో వాళ్ళావిడ, మొహంతో కాక ఇంక దేంతో మొదలుపెడతారండీ, మొహం లేకపోతే ఎవరో ఎలా తెలుస్తుందంది. రెండోవారం, టీ కోసం క్లాసు ఆపినప్పుడు, తాత పీట దిగి మోకాలు రుద్దుకుంటూ తన అభిప్రాయం కూడా కలిపాడు. తనని అడిగితే కుడి మడమ దగ్గర మొదలుపెట్టాలట. గంటసేపు నిలబడేది తను కాబట్టి తనకి తెలుసట, మనిషి పైకి లేచేది అక్కణ్ణించేనట.

తల, తుంటి, కీళ్ళు, మొహం, మడమ. ఎవరు చెప్పినా వినేటప్పుడు సబబుగానే ఉండేది. పెన్సిలు కాగితం దగ్గరికి తెచ్చేసరికి మిగతా నాలుగూ వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగినట్టుండేది. చివరికి ఆ రోగం కొట్లోకి కూడా పాకింది. మంటలార్పే ఆయన ఒకడు కొత్త కోటు కోసం వచ్చి చేతులు దించి నిలబడితే, మాస్టరు టేపు పట్టుకుని ఆయన చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఏమైనా పోగొట్టుకున్నారా మాస్టారూ అని ఆయన కింద వెతకడం మొదలుపెట్టాడు.

మూడోవారం మంగళవారం టీచరు బల్ల మీద గడియారం పెట్టి, పావుగంటలో మొత్తం మనిషి రావాలంది. గడియారం టిక్కుటిక్కుమంటుంటే మాస్టరు చేతులు బుర్రని అడగడం మానేసి తమకి తెలిసిన పని చేసుకుపోయాయి. కాగితాన్ని నిలువుగా రెండుగా మడిచాడు. మడతని ఆనుకుని సగం మెడ, ఒక భుజం, ఒక చంక, సగం నడుము, ఒక కాలు గీశాడు. గీసినదాని చుట్టూ అర అంగుళం దూరంలో ఇంకో గీత తిప్పాడు. ఇంకా ఏడు నిమిషాలు మిగిలాయి. పక్కన మాంసం కొట్టు ఆయన మోకాలి దగ్గరే కొట్టుకుంటున్నాడు. ఇన్నాళ్ళకి మాస్టరు మనసు కాస్త కుదుటపడింది.

టీచరు వచ్చి వంగి చూసింది. చుట్టూ ఈ రెండో గీత ఏమిటని అడిగింది.

"కుట్టుకి వదిలింది మేడమ్."

క్లాసంతా గొల్లుమంది. టీచరు నవ్వలేదు. కాగితం తీసుకుని మడత విప్పింది. ఒక పక్క సగం మనిషి. రెండో పక్క తెల్లగా, ఖాళీగా ఉంది.

"ఈ పక్క ఎవరున్నారు మాస్టారూ?"

"ఆ పక్క ఉన్నదే. రెండుపక్కలా ఒకటే కదండీ. బట్ట మడిచి ఒక్కసారి కత్తిరిస్తే రెండూ వచ్చేస్తాయి."

నిద్రలో ఉన్నాడనుకున్న తాత పీట దిగొచ్చాడు. కాగితం పక్కన నిలబడి బనీను పట్టీ పక్కకి జరిపాడు. నలభై ఏళ్ల మూటలు కుడి భుజం మీదే ఎక్కాయి కాబోలు, మెడకీ భుజానికీ మధ్య కండ చిన్న దిండులా పెరిగి ఉంది. ఎడమ భుజం దానికి సంబంధించనట్టు సన్నగా, వాలుగా పోయింది. మూడు వారాలుగా ఆ మనిషి ఎదురుగానే నిలబడుతున్నాడు. మాస్టరు ఇప్పుడు చూశాడు.

"నువ్వు గీసింది పని చెయ్యని భుజమయ్యా," అన్నాడు తాత నెమ్మదిగా. "నాకు తిండి పెట్టింది ఇటువైపుది."

ఆ సాయంత్రం మాస్టరు ఇంటికి తిన్నగా పోలేదు. బస్టాపు బెంచీ మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూశాడు. ఒకడికి చెవి దగ్గర ఫోను పట్టుకుని పట్టుకుని మెడ పక్కకి పోయింది. ఒకావిడకి చంటిపిల్లని ఎత్తుకునే తుంటి బయటికొచ్చింది. రెండుపక్కలా సమంగా ఉన్నవాడి కోసం చీకటి పడేదాకా వెతికాడు, ఒక్కడు దొరకలేదు. మరి ముప్పై రెండేళ్లుగా తను ఎవరికి కుట్టినట్టు? ట్రయలుకి వచ్చినవాడి కోటు ఒక పక్క ముడతపడితే, నిటారుగా నిలబడండి సార్ అనేవాడు. అప్పటికీ పోకపోతే లోపల దూది బిళ్ళ పెట్టి సమం చేసేవాడు. కోటు ఎప్పుడూ కరెక్టే, మనిషే కాస్త తప్పు. అలా అనుకోకపోతే పని నడిచేది కాదు. ఇప్పుడలా అనుకోవడం కుదరడం లేదు, ఇంకెలా అనుకోవాలో తెలియడం లేదు. పెన్సిలు పట్టకముందు తెలిసిన ఒక్క సంగతి కూడా ఇప్పుడు పోయినట్టుంది.

ఇంక పన్నెండు రోజులుంది. శుక్రవారం క్లాసుకి వెళ్ళాడు గానీ కాగితం మీద చుక్క పెట్టలేకపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం మాస్టరు కునుకు తీసి లేచేసరికి చెల్లెలు భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఆయన బొమ్మల పుస్తకం తిప్పుతోంది. వాళ్ళావిడ పక్కన నిలబడి, నాకేం తెలీదు, అదే తీసింది అన్నట్టు మొహం పెట్టింది. పేజీకొకటి చొప్పున అన్నీ మొదలుపెట్టి వదిలేసినవే. ఒక పేజీలో గుడ్డు, ఒక పేజీలో తుంటి అనుకుని గీసిన గిన్నె లాంటిది, ఒక పేజీలో మోచెయ్యి, ఒకదాంట్లో ముక్కు ఒక్కటే. ఏ పేజీలోనూ మనిషి లేడు.

"ఎవరిది ఇదంతా?"

"నీదే," అన్నాడు మాస్టరు.

ఆమె మళ్ళీ మొదటినుంచి తిప్పింది. కోప్పడుతుందనుకుని ఆయన నిద్రమొహంతోనే సంజాయిషీ మొదలుపెట్టాడు. టేపు వద్దన్నావు కాబట్టి చూసి గీద్దామనుకున్నాను, తల అన్నారు, తుంటి అన్నారు, మాంసం కొట్టాయన కీళ్ళన్నాడు. చెప్పేకొద్దీ తనకే తల తిరిగింది. ఆపేసి, ఉన్న మాట చెప్పేశాడు.

"ఎక్కడ మొదలుపెట్టినా నువ్వు రావట్లేదమ్మా."

చెల్లెలు పుస్తకం మూసింది. "కుర్చీలో కూర్చున్నప్పుడు చూస్తే ఎలా వస్తాను? కుర్చీలో నేను ఏడు నెలల్నించేగా ఉన్నాను."

లేచి భోజనాల బల్లని తుంటితో నెట్టి బీరువాకి సమాంతరంగా జరిపింది. రెంటికీ మధ్య మనిషి పట్టేంత సందు మిగిలింది. ఆ సందులోకి వెళ్ళి, కాళ్ళు ఎడంగా వేసి, ఎడమ తుంటి బల్ల అంచుకి ఆనించింది. ఎడమచెయ్యి లేని సంచీ పట్టీని పట్టుకుంది. కుడిచెయ్యి లేని టికెట్టు చించింది.

"వదినా, మార్కెట్టు మలుపు వస్తోంది, పట్టుకో," అంది. వాళ్ళావిడ నిజంగానే బీరువా పట్టుకుంది.

మలుపులో చెల్లెలి ఒళ్ళు ఎడమకి ఒరిగి, తుంటి మీద ఆగి, మళ్ళీ తేలిగ్గా లేచింది. పడక ముందు కూడా ఈమె ఇలాగే ఎడమకి ఆనుకుని నిలబడేదని మాస్టరుకి ఇప్పుడు గుర్తొచ్చింది. పద్దెనిమిదేళ్లపాటు ఒరిగింది, పడ్డాక ఆ ఒరగడం పోకుండా ఉండిపోయింది. లేక తను అలా అనుకోవాలని అనుకుంటున్నాడా? తేల్చుకునే తీరిక లేదు, బస్సు ఎక్కువసేపు ఆగేలా లేదు. పుస్తకం లాక్కుని గీశాడు. పెన్సిలు ముందు మడమ మీద పడిందో, భుజం మీద పడిందో తర్వాత ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. మధ్యలో ఆమెకి కాలు నొప్పెట్టి ఆగుదామంది. ఆయన ఇంకొక్క స్టాపు అన్నాడు.

బొమ్మ అందంగా రాలేదు. మూతి వంకర, చేతికి ఆరు వేళ్ళు. కానీ మెడ దగ్గర్నించి రెండు వైపులకీ రెండు వేరు వేరు గీతలు పోయాయి. ఒకటి తిన్నగా, ఒకటి జారుగా. పడకముందు కుట్టిన కోటు కొలతలు మాస్టరుకి నోటికి వచ్చు. ఎక్కడెంత మారిందో ఆ గీతలు చెప్పాయి.

బుధవారం కొట్టు తలుపులు దగ్గరగా వేసి, డిపోలో అడిగి తెచ్చుకున్న నీలం బట్ట బల్ల మీద పరిచాడు. మడవలేదు. పరిచిన బట్ట నదిలా కనిపించింది, ఒడ్డు తెలియలేదు. బొమ్మ పక్కన పెట్టుకుని, ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు, విడివిడిగా సుద్దతో గీశాడు. ఒకే కోటుకి రెండుసార్లు భుజం గీయడం, రెండుసార్లు చంక గీయడం జీవితంలో అదే మొదలు. ఇద్దరు మనుషులకి కుడుతున్నట్టుంది. కచ్చాకుట్లు వేసి శనివారానికి ట్రయలుకి సిద్ధం చేశాడు. రెండురోజుల్లో సోమవారం.

చెల్లెలు తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. మాస్టరు వెనక నిలబడ్డాడు. వాళ్ళావిడ గుమ్మంలో నిలబడింది. ముగ్గురికీ ఏం చూస్తున్నారో వెంటనే బోధపడలేదు. కోటు భుజం ఒకటి జారుగా ఉంది, ఉండాల్సినట్టే ఉంది. కానీ అది కుడిది. ఆమె మంచి భుజాన్ని అది కిందికి నొక్కేస్తోంది. ఎడమది బిర్రుగా నిలబడి, డిపో కోటు కంటే ఎత్తుగా, గాలిలో ఉంది. నడుము ఇటు ఒరిగితే కోటు అటు లాగుతోంది.

మాస్టరు పరిగెత్తి బొమ్మ తెచ్చాడు. జారిన భుజం కాగితం మీద కుడిపక్కన ఉంది. తను కుడిపక్కే కత్తిరించాడు. ఎక్కడ తప్పో కనపడక బొమ్మని చూశాడు, చెల్లెల్ని చూశాడు, అద్దాన్ని చూశాడు. మూడుచోట్లా భుజం మూడు రకాలుగా ఉన్నట్టనిపించింది.

"ఎదురుగా నిలబడి గీశావు కదన్నయ్యా," అంది చెల్లెలు నీరసంగా. "నీ కుడి నా ఎడమవుతుంది."

నిజమే. చంటిపిల్లలకి తెలిసిన విషయం. ముప్పై రెండేళ్లు మడత మీద కత్తిరించినవాడికి కుడీ ఎడమా అడగాల్సిన అవసరమే రాలేదు. మాస్టరు బల్ల అంచున కూలబడ్డాడు. బట్ట డిపోవాళ్ళు తూచినట్టు ఒక్క కోటుకే ఇచ్చారు, ఇంకో ముక్క కావాలన్నా సోమవారంలోగా రాదు.

"పోనీలే," అంది చెల్లెలు. "అక్కడ కోటు కూడా అక్కర్లేదట. ఆ గదిలో."

విప్పడానికి ఎడమచెయ్యి వెనక్కి మెలిపడదు ఆమెకి. అందుకని అంచు పట్టుకుని తలమీంచి లాగేసింది, చిన్నపిల్లలు చొక్కా లాగేసినట్టు. కోటు లోపలిది బయటికొచ్చి, తెల్ల కచ్చాకుట్లన్నీ పైకి తేలి, చేతులు తిరగబడి ఆమె చేతిలో వేలాడింది. విసిరేయబోయింది. ఆగింది. దాన్ని అలాగే పట్టుకుని ఎందుకో అటూ ఇటూ తిప్పింది.

"ఇలా తిరగేసి వేసుకుంటే ఈ భుజం ఎటొస్తుంది?" అంది.

మాస్టరు కుడిచేతిని గాలిలో ఎడమకి తిప్పి చూసుకున్నాడు, మళ్ళీ కుడికి తిప్పుకున్నాడు. ఈలోగా ఆమె తొడిగేసుకుంది. కుట్ల అంచులు పీచులు పీచులుగా బయటికి లేచి ఉన్నాయి, తెల్లదారాలు మీసాల్లా వేలాడుతున్నాయి. దించి కత్తిరించిన కోటు భుజం వచ్చి ఆమె ఎడమ భుజం మీద కూర్చుంది. కదల్లేదు. నడుము ఒరిగిన చోటే బట్ట ఒరిగింది.

ఆమె అద్దంలో చూసుకుంది, పక్కకి తిరిగి చూసుకుంది. చెయ్యి చాచి టికెట్టు ఇచ్చినట్టు చేసింది. మాస్టరు బాగుందనే మాట కోసం కాచుక్కూర్చున్నాడు, పదో క్లాసు ఫలితాలకి కూర్చున్నట్టు.

"చంక దగ్గర పట్టేస్తోంది," అంది చెల్లెలు. "కాస్త వదులు చెయ్యి."

ఎంత వదులో చూడాలంటే వేలు పెట్టి చూడాలి. మాస్టరు లేచి, ఆమె ముందుకొచ్చి ఆగాడు. ఆమె చెయ్యి ఎత్తింది, ఎంత లేస్తుందో అంత. ఆయన రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి, పావు అంగుళం అన్నాడు. సరే అంది.

కచ్చాకుట్లు విప్పి, బట్ట వెనకవైపు పైకి తెచ్చి, ఆదివారమంతా కుట్టాడు. వెలిసిపోయిన కోట్లని తిరగేసి కుట్టడం ఆయన పని నేర్చుకున్న రోజుల్లో మామూలే. కొత్త కోటుని తిరగేసినవాడు మాత్రం తనొక్కడే అయివుంటాడు. వెనకవైపు రంగు కాస్త వెలిసినట్టు ఉంటుంది. సోమవారం పొద్దున డిపో ఇన్‌ఛార్జి దాన్ని చూసి, కొత్త బట్ట అప్పుడే ఎన్నిసార్లు ఉతికావమ్మా అన్నాడట. ఆమె మా అన్నయ్యకి శుభ్రం ఎక్కువండీ అని బస్సెక్కేసిందట.

మాస్టరు ఆ పూట కొట్టు తెరవలేదు. మార్కెట్టు మలుపుకి ముందు స్టాపులో నిలబడి, ఆమె బస్సు రాగానే జనంతోపాటు ఎక్కి, వెనక సీటు దొరకబుచ్చుకున్నాడు. ఎడమ భుజం కుట్టు ఎలా కూర్చుందో, చంక ఇంకా పట్టేస్తోందో, వెలుతురులో రెండు పక్కలకీ తేడా తెలుస్తోందో, అన్నీ వరసగా చూసుకోవాలని వచ్చాడు. చివరి స్టాపుదాకా వెళ్ళి, అదే బస్సులో వెనక్కొచ్చి, మళ్ళీ వెళ్ళి, మధ్యాహ్నం భోజనం వేళకి ఇల్లు చేరాడు.

వాళ్ళావిడ గుమ్మంలోనే అందుకుంది. కోటు ఎలా ఉందని అడిగింది.

మాస్టరు చెప్పులు విప్పుతూ ఆలోచించాడు. ఎంత ఆలోచించినా భుజం కుట్టు కళ్ళముందుకి రాలేదు.

"చూడలేదు," అన్నాడు.

"అయ్యో రామా. పొద్దున్నించీ మరి ఏం చూశారండీ?"

ఆయన తల గోక్కున్నాడు.

"ఎవడో చిల్లర లేదని మొండికేశాడు," అన్నాడు. "దించేసింది."